చుంచెలుక లోపలి చెవి: పిండంలో దాన్ని కట్టే జన్యువులు

చుంచెలుక తల్లి కడుపులో ఉండేది 19 నుంచి 21 రోజులు. అందులో ఎనిమిదిన్నరో రోజున, వెనుక మెదడుకు ఇరుపక్కలా పిండం పైపొర కొద్దిమేర మందమవుతుంది. దీన్ని చెవి ఫలకం అంటారు. మరో రోజు గడిచేసరికి ఆ ఫలకం లోపలికి కుంగి, అంచులు మూసుకుని, పైపొర నుంచి విడిపోయి, ద్రవం నిండిన చిన్న కోశంగా మారుతుంది. ఇది కర్ణకోశం. శబ్దాన్ని పట్టే కర్ణావర్తం, తల తిరిగే దిశను చెప్పే మూడు అర్ధవర్తుల కుల్యలు, వాలును పసిగట్టే యుట్రిక్యులస్, శాక్యులస్, వీటన్నిటి నుంచి మెదడుకు కబురు మోసే నాడీకణాలు దాదాపు అన్నీ ఆ కోశం గోడలోంచి పుట్టేవే. మనిషి పిండంలో ఈ ఘట్టం నాలుగో వారంలో జరుగుతుంది. క్రమం ఒకటే కావడంతో మనిషి చెవి గురించి మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం చుంచెలుక నుంచి వచ్చింది.

ఈ నిర్మాణంలో పాలుపంచుకునే జన్యువుల్లో చెవికి మాత్రమే పరిమితమైనవి బహు కొద్ది. ఒకే జన్యువు మూత్రపిండంలో ఒక పని, కంటిలో ఇంకో పని, చెవిలో వేరొక పని చేస్తుంది. చెవిలోనే అది రెండు మూడు సార్లు, వేర్వేరు రోజుల్లో, వేర్వేరు అవసరాలకు పనిచేయవచ్చు. అందుచేత 'చెవి జన్యువుల జాబితా' అనే మాటకు పెద్ద అర్థం లేదు. ఏ జన్యువు ఏ రోజున, ఏ మూలన, ఎంతసేపు పనిచేసిందన్నదే ఈ శాస్త్రమంతా.

గిరగిర తిరిగే ఎలుకలు

ఈ పరిశోధనకు దారి తీసినవి నడక చెడిన ఎలుకలు. చైనా, జపాన్‌లలో వేడుక కోసం పెంచిన ఒక రకం చుంచెలుకలు ఉన్నచోటే గిరగిర తిరుగుతాయి, తల ఊపుతాయి, ఎంత చప్పుడు చేసినా ఉలకవు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ యెర్క్స్ 1907లో వీటి మీదే ఒక పుస్తకం వెలువరించాడు. చెవిలో ఒంటి సమతూకం తెలిపే భాగాలు చెడిపోవడం వల్ల వచ్చే తిరుగుడు అది. పరిశోధకులకు మాత్రం ఇదొక వరమైంది. వందల బోనుల మధ్య చెవిటి ఎలుకను వెతకడం కష్టం. గిరగిర తిరిగేదాన్ని ఎవరైనా చూడగానే గుర్తుపట్టగలరు. షేకర్, వాల్ట్‌జర్, పిరూయెట్, జెర్కర్, వర్లర్ అంటూ ఈ రంగంలోని పాత పేర్లన్నీ నడకను బట్టి వచ్చినవే.

1933లో నాజీ జర్మనీ నుంచి బయటపడ్డ జన్యుశాస్త్రవేత్త హాన్స్ గ్రూనెబెర్గ్‌ను లండన్ యూనివర్సిటీ కాలేజీకి రప్పించడంలో మరో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ పాత్ర ఉంది. గ్రూనెబెర్గ్ 1940లో ఇద్దరు సహచరులతో కలిసి షేకర్-1 ఎలుక లోపలి చెవిని వివరంగా పరిశీలించాడు. హాల్డేన్ తెలుగువారికి మరీ పరాయివాడు కాడు. 1957లో భారతదేశానికి తరలివచ్చి ఇక్కడి పౌరుడయ్యాడు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాక, ఆయన కోరిక మేరకే దేహం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. ఆయన సంపాదకత్వంలోని జన్యుశాస్త్ర పత్రిక కూడా ఆయనతోపాటే ఈ దేశం వచ్చింది. ఇప్పుడు దాన్ని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన శాస్త్రాల అకాడమీ ప్రచురిస్తోంది.

ఆ పత్రికలోనే 1954లో మల్కియత్ సింగ్ దేవోల్ షేకర్-2, జెర్కర్ తదితర ఎలుకల లోపలి చెవి లోపాలను వర్ణించాడు. 1956లో పిరూయెట్, షేకర్-1, వాల్ట్‌జర్‌లను తీసుకున్నాడు. అప్పటికి జన్యువును చేత్తో పట్టుకుని చదివే వీలు లేదు. పిండాలను పలుచని ముక్కలుగా కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద రోజువారీగా పోల్చడమే మార్గం. ఆ ఓపికతోనే దేవోల్ 1964లో క్రైస్లర్ అనే ఎలుకలో ఒక చిత్రమైన సంగతి బయటపెట్టాడు. ఆ ఎలుకలో చెవి వికృతంగా ఉంటుంది, కానీ చెవి కంటే ముందే పక్కనున్న వెనుక మెదడు వికృతమవుతుంది. లోపం మొదలైన చోటు చెవి కాకపోవచ్చని ఆయన అన్నాడు. 1994లో ఆ జన్యువు (మాఫ్-బీ) దొరికినప్పుడు ఆ మాట రుజువైంది. అది పనిచేసేది వెనుక మెదడులోని అయిదో, ఆరో ఖండాలలో. కర్ణకోశంలో దాని జాడ లేదు. తనలో ఏ లోపమూ లేని చెవి, పక్కింటి నుంచి రావలసిన సంకేతం అందక చెడిపోయిందన్నమాట. జన్యు విశ్లేషణ యంత్రాలు లేని రోజుల్లో వేసిన ఈ అంచనా, నా దృష్టిలో, ఈ రంగంలో జరిగిన అత్యుత్తమ పరిశీలన.

ఫలకం ఎలా పుడుతుంది

పక్కింటి సంకేతాల్లో మొదట చెప్పుకోవలసినవి ఎఫ్‌జీఎఫ్ కుటుంబపు ప్రొటీన్లు. చుంచెలుకలో ఎఫ్‌జీఎఫ్3 వెనుక మెదడు నుంచి, ఎఫ్‌జీఎఫ్10 ఫలకం కిందనున్న మధ్యస్త్వచం నుంచి వస్తాయి. వీటికంటే ముందు ఎఫ్‌జీఎఫ్8 రంగం సిద్ధం చేస్తుంది. ఎఫ్‌జీఎఫ్3 ఒక్కటే లేకపోతే చెవి పుడుతుంది కానీ వంకరగా ఉంటుంది. మూడూ పదీ రెండూ లేకపోతే కర్ణకోశమే ఏర్పడదు. ఇది 2003లో తేలింది. కోడి పిండంలోనూ, చుంచెలుకలోనూ ఈ తొలి సంకేతాలను విడదీసి చూపినవారిలో రాజ్ లద్ధర్ ఒకరు. ఆయన ప్రయోగశాల ప్రస్తుతం బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో ఉంది.

ఎఫ్‌జీఎఫ్ అందిన పైపొర కణాల్లో పాక్స్2, పాక్స్8 జన్యువులు మేలుకుంటాయి. అయితే పాక్స్2 వెలిగిన ప్రతి కణమూ చెవి కాదు. కొన్ని మామూలు చర్మంగా మిగిలిపోతాయి. ఈ పంపకం చేసేది వింట్ అనే మరో సంకేతం. వింట్ దారిని మూసేస్తే ఫలకం కుంచించుకుపోయి చర్మం పెరుగుతుంది, ఆ దారిని బలవంతంగా తెరిచి ఉంచితే చర్మం కావలసిన కణాలు కూడా ఫలకంలో చేరిపోతాయి.

ఈ దశలోనే రంగప్రవేశం చేసే జంట ఈవైఏ1, సిక్స్1. ఈ రెండు జన్యువుల కుటుంబాలను తొలుత గుర్తించింది ఈగ కంటిలో. ఈవైఏ లోపించిన ఈగకు కళ్లు రావు. అదే యంత్రాంగాన్ని పరిణామం చుంచెలుక చెవిలోనూ, మూత్రపిండంలోనూ వాడుకుంది. 1999 నాటి ప్రయోగంలో ఈవైఏ1 రెండు ప్రతులూ పోయిన చుంచెలుకలకు చెవులూ లేవు, మూత్రపిండాలూ లేవు. వ్యాసం చివర దీని అవసరం మళ్లీ పడుతుంది.

పైన తూకం, కింద శబ్దం

తొమ్మిదిన్నరో రోజు కర్ణకోశం చూడటానికి ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది. కానీ దాని గోడలో అప్పటికే సరిహద్దులు గీసి ఉంటాయి. పైభాగంలో డీఎల్ఎక్స్5, హెచ్ఎంఎక్స్3, జీబీఎక్స్2 వంటివి తూకం తెలిపే భాగాలకు హద్దులు వేస్తాయి. కింది భాగాన్ని కర్ణావర్తం వైపు మళ్లించేది సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రొటీన్. అది పృష్ఠవంశం నుంచీ నాడీనాళం అడుగు నుంచీ వస్తుంది. అది లేని చుంచెలుకకు కర్ణావర్తం ఏర్పడదు. ముందు వెనకల తేడాను టీబీఎక్స్1 కాపాడుతుంది. మనుషుల్లో డైజార్జ్ లక్షణసముదాయంలో కీలకమైనది ఈ జన్యువే.

అర్ధవర్తుల కుల్యలు ఏర్పడే తీరు వింతగా ఉంటుంది. అవి గొట్టాలుగా పెరగవు. కోశం నుంచి చదునైన సంచులు బయటికి ఉబుకుతాయి. ప్రతి సంచి నడుమ రెండు గోడలూ దగ్గరకు వచ్చి అతుక్కుంటాయి, ఆ అతుకు మాయమైపోతుంది. అంచు మాత్రం గొట్టంగా మిగులుతుంది. పన్నెండు, పదమూడో రోజుల్లో ఈ పని ముగుస్తుంది. ఇందులో ఓటీఎక్స్1 కథ ప్రత్యేకం. ఈ జన్యువు లేని చుంచెలుకకు మూడు కుల్యల్లో అడ్డంగా ఉండే ఒక్క కుల్య మాత్రమే రాదు. దవడలు లేని ప్రాచీన చేపల వంశానికి చెందిన లాంప్రేలకు కూడా ఆ ఒక్క కుల్యే ఉండదు. మూడో కుల్య పరిణామంలో ఆలస్యంగా వచ్చిందనడానికి ఇంత చక్కని సాక్ష్యం మరోచోట దొరకడం కష్టం.

సీహెచ్‌డీ7 జన్యువు ఒక ప్రతి దెబ్బతిన్నా చాలు, కుల్యలు సరిగా రాక చుంచెలుక తిరుగుడు మొదలుపెడుతుంది. మనుషుల్లో ఇదే జన్యువు లోపం కంటికి, గుండెకు, ముక్కుకు, చెవికి కలిపి హాని చేసే చార్జ్ అనే వ్యాధికి మూలం. అలాంటి బిడ్డల స్కాన్‌లో కుల్యలు లేకపోవడం వైద్యులకు బలమైన ఆధారం.

కోశం గోడ నుంచి కొన్ని కణాలు తొమ్మిదిన్నరో రోజుకే విడిపోయి బయటికి వస్తాయి. ఇవి చెవి నాడీకణాలు. వీటికి ఆజ్ఞ ఇచ్చేది న్యూరోజెనిన్1. అది లేకపోతే లోపలి చెవి నాడీసంధి అసలు పుట్టదు. చెవి కుదురుగా ఉన్నా మెదడుతో లంకె ఉండదు.

రోమకణం

నత్తగుల్లలా చుట్టుకున్న కర్ణావర్తం చుంచెలుకలో ఒకటిన్నర నుంచి ఒకటిముప్పావు చుట్ల దాకా, మనిషిలో రెండున్నర చుట్లకు పైగా ఉంటుంది. లోపల దాని పొడవునా ఉండేది శబ్దాన్ని పట్టే కోర్టి అంగం. అందులో ఒక వరుస లోపలి రోమకణాలు, మూడు వరుసల బయటి రోమకణాలు, వాటి మధ్య ఆధార కణాలు. చుంచెలుక చెవికి మొత్తం సుమారు మూడు వేల రోమకణాలు, మనిషికి పదిహేను వేలకు పైగా. పుట్టుకతో వచ్చే ఈ సంఖ్య ఆ తరువాత పెరగదు.

రోమకణాలు పుట్టే ప్రాంతాన్ని మొదట గుర్తుపెట్టేది సాక్స్2. అది లేనిచోట రోమకణాలూ ఉండవు, ఆధార కణాలూ ఉండవు. ఆ గుర్తు పడ్డ ప్రాంతంలో ఎవరు రోమకణం కావాలో చెప్పేది ఏటీఓహెచ్1. 1999లో ఈ జన్యువు తీసేసిన చుంచెలుకల్లో ఒక్క రోమకణమూ కనిపించలేదు. మరుసటి ఏడాది దీనికి తిరుగు ప్రయోగం జరిగింది. పక్కనున్న కణాల్లోకి ఏటీఓహెచ్1ను చొప్పిస్తే అవీ రోమకణాలయ్యాయి. మరి సహజంగా అన్ని కణాలూ రోమకణాలు ఎందుకు కావు? రోమకణంగా మారుతున్న కణం తన ఒంటి మీద జాగ్డ్2, డెల్టా1 అనే ప్రొటీన్లను నిలబెట్టి, పక్క కణంలోని నాచ్ గ్రాహకాన్ని తట్టి, 'నువ్వు ఆగు' అంటుంది. ఆగిన కణం ఆధార కణమవుతుంది. జాగ్డ్2 తీసేస్తే అదనపు రోమకణాలు వరసలు తప్పి పుట్టుకొస్తాయి.

కర్ణావర్తంలో కాలక్రమం మరీ విడ్డూరం. కణాలు విభజన ఆపడం కొస దగ్గర మొదలై మొదలు వైపు సాగుతుంది. పన్నెండున్నర నుంచి పద్నాలుగున్నర రోజుల మధ్య ఇది జరుగుతుంది, పీ27 అనే ప్రొటీన్ పగ్గం వేస్తుంది. రోమకణంగా రూపుదిద్దుకోవడం మాత్రం మొదలు దగ్గర ఆరంభమై కొస వైపు నడుస్తుంది. అంటే అందరికంటే ముందు విభజన ఆపిన కణాలు అందరికంటే ఆలస్యంగా పనిలో చేరతాయి. కొసన వాటిని నిలిపి ఉంచేది చెవి నాడీకణాల నుంచి వచ్చే సోనిక్ హెడ్జ్‌హాగ్. తొమ్మిదో రోజున కర్ణావర్తాన్ని పుట్టించిన ప్రొటీనే పద్నాలుగో రోజున దాన్ని ఆపి ఉంచుతోంది. మోతాదు, స్థలం, వేళ మారితే అర్థం మారుతుందని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

పుట్టిన రోమకణం బతకడానికి మరో జన్యువు కావాలి. పౌ4ఎఫ్3 లేని చుంచెలుకలో రోమకణాలు పుడతాయి కానీ కొద్ది రోజుల్లోనే రాలిపోతాయి. ఒక ప్రతి ఉన్న చుంచెలుక బాగానే వింటుంది. మనిషి విషయం అలా లేదు. 1998లో ఇజ్రాయెల్‌లోని ఒక కుటుంబంలో ఈ జన్యువు ఒక ప్రతి దెబ్బతిన్నవారికి యౌవనం నుంచి వినికిడి తగ్గుతూ వస్తుందని తేలింది. రెండేళ్లు బతికే ప్రాణిలో బయటపడని లోపం డెబ్బై ఏళ్లు బతికే మనిషిలో బయటపడవచ్చు. చుంచెలుక ఫలితాలను నేరుగా మనిషికి అన్వయించేవారు మరిచిపోకూడని తేడా ఇది.

రోమాల దిశ, పుట్టాక జరిగే పని

ప్రతి రోమకణం తలమీద రోమాల కట్ట ఒకే వైపు తిరిగి ఉండాలి. లేకపోతే శబ్దానికి స్పందన సరిగా రాదు. ఈ దిశను నిర్ణయించే జన్యువుల్లో వాంగ్‌ఎల్2 ఒకటి. లూప్‌టెయిల్ అనే ఎలుకలో ఇది చెడితే రోమాలు తలా ఒక వైపు చూస్తాయని 2003లో చూపించారు. అవే ఎలుకల్లో నాడీనాళం కూడా మూసుకోదు.

రోమాల మధ్య సన్నని లంకె ఉంటుంది. శబ్దం వచ్చినప్పుడు అది లాగబడి అయాన్ల దారి తెరుచుకుంటుంది. ఆ లంకె రెండు ప్రొటీన్లతో అల్లినది: క్యాడ్‌హెరిన్23, ప్రోటోక్యాడ్‌హెరిన్15. మొదటిది చెడ్డదే వాల్ట్‌జర్ ఎలుక, రెండోది చెడ్డది ఏమ్స్ వాల్ట్‌జర్. 1929లో తొలిసారి నమోదైన షేకర్-1లో చెడింది మయోసిన్-7ఏ అని తేలడానికి 1995 దాకా ఆగాల్సివచ్చింది. అదే ఏడాది, వినికిడితో పాటు చూపునూ హరించే అషర్ లక్షణసముదాయంలో మనుషులకూ ఇదే జన్యువు కారణమని తెలిసింది. షేకర్-2 (మయోసిన్-15) ముచ్చట ఇంకా నాటకీయం. ఇండోనేషియాలోని బాలిలో బెంగ్కాల అనే ఊళ్లో దాదాపు 2 శాతం మంది పుట్టు చెవిటివారు. వారి లోపం చుంచెలుక షేకర్-2తో కలిసివచ్చింది. 1998లో షేకర్-2 ఎలుకలకు మంచి జన్యువున్న డీఎన్ఏ తుంపు చేర్చితే వాటి పిల్లలు విన్నాయి, నిలకడగా నడిచాయి.

చుంచెలుక పిల్ల పుట్టినప్పుడు చెవిటిదే. పన్నెండో రోజు వచ్చాక గానీ వినదు. ఆ నడుమ కోర్టి అంగం పరిపక్వం కావడానికి థైరాయిడ్ హార్మోన్ తప్పనిసరి. దేవోల్ 1973లో థైరాయిడ్‌ను అణచే మందుతో చుంచెలుకల్లో చెవుడు తెప్పించి చూపించాడు. థైరాయిడ్ వాపు, చెవుడు కలిసి వచ్చే పెండ్రెడ్ వ్యాధికి మూలమైన ఎస్ఎల్‌సీ26ఏ4 జన్యువుతో తరువాత జరిగిన ప్రయోగం ఇంకా పదునైనది. ఈ జన్యువును మందుతో ఇష్టమొచ్చినప్పుడు వెలిగించే, ఆర్పే చుంచెలుకలను తయారుచేశారు. గర్భంలో పదహారున్నరో రోజు నుంచి పుట్టిన రెండో రోజు దాకా వెలిగి ఉంటే చాలు, వినికిడి బాగానే వస్తుంది. ఆ కొద్ది రోజులు తప్పిపోతే తరువాత ఎంత వెలిగించినా లాభం లేదు. మనిషి బిడ్డకు తల్లి కడుపులో ఉండగానే, సుమారు 25వ వారానికే వినికిడి మొదలవుతుంది. కాబట్టి చుంచెలుకలో పుట్టాక చేయగలిగిన చికిత్స మనిషిలో పుట్టకముందే చేయాల్సి రావచ్చు.

ఉప్పల్ రోడ్డు, మేనరికాలు

హైదరాబాద్‌లో దమ్మాయిగూడ నుంచి ఈసీఐఎల్, మల్లాపూర్, నాచారం మీదుగా హబ్సిగూడకు వచ్చేవారికి ఈ శాస్త్రానికి కావలసిన సంస్థలు కూతవేటు దూరాల్లో కనిపిస్తాయి. 1977లో పుష్పమిత్ర భార్గవ సారథ్యంలో మొదలైన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) హబ్సిగూడలో ఉంది. జన్యువ్యాధుల నిర్ధారణ చేసే సీడీఎఫ్‌డీ ఉప్పల్‌లో ఉంది. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్ చేరిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది. ప్రయోగాలకు కావలసిన ఎలుకలను పెంచడంలో దానికి సుదీర్ఘ అనుభవం ఉంది. కాస్త దూరాన, బేగంపేటలో ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యుశాస్త్ర సంస్థ పుట్టు చెవుడు ఉన్న కుటుంబాలను పరిశీలించింది.

తెలుగునాట ఈ విషయానికి మరో కోణం మేనరికం. చెవుడు తెచ్చే జన్యు లోపాల్లో ఎక్కువ భాగం అంతర్గతమైనవి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ ప్రతి వస్తేనే బిడ్డకు లోపం. మేనమామ, మేనబావ పెళ్లిళ్లలో ఒకే పూర్వికుడి చెడ్డ ప్రతి రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం పెరుగుతుంది. బంధుత్వం లేకపోయినా ఒకే చిన్న సమూహంలో తరతరాలుగా పెళ్లిళ్లు జరిగితే ఇదే ఫలితం వస్తుంది. దక్షిణాసియాలో ఇలాంటి సమూహాలు ఎన్నో ఉన్నాయని సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2017లో చూపించారు.

మన దేశంలో పుట్టు చెవుడుకు తరచూ కనిపించే జన్యువు జీజేబీ2, అంటే కనెక్సిన్26. అందులోనూ డబ్ల్యూ24ఎక్స్ అనే మార్పు ఇక్కడ ఎక్కువ. చుంచెలుకలో ఈ జన్యువును పూర్తిగా తీసేస్తే మాయ పనిచేయక పిండమే చనిపోతుంది. అందుకే చెవిలో మాత్రమే తీసేసే పద్ధతి కనిపెట్టాల్సి వచ్చింది. ఈ లోపం ఉన్న బిడ్డల్లో కర్ణావర్తం ఆకారం, నాడీకణాలు సాధారణంగా బాగానే ఉంటాయి కాబట్టి కాక్లియర్ ఇంప్లాంట్ బాగా పనిచేస్తుంది. ఆరోగ్యశ్రీలో ఈ శస్త్రచికిత్సకు చోటు దొరకడం అందుకే విలువైన నిర్ణయం. ఎఫ్‌జీఎఫ్3 రెండు ప్రతులూ చెడిన బిడ్డల్లో లోపలి చెవే ఉండదు. వారికి ఇంప్లాంట్ అమర్చడానికి కర్ణావర్తమే లేదు. ఇద్దరూ చెవిటివారే, చికిత్స మాత్రం ఒకటి కాదు. జన్యు పరీక్ష డబ్బు దండగ అనుకునేవారికి ఇదే నా జవాబు.

చుంచెలుకల వడపోత ఇంకా సాగుతోంది. 2017లో ఒక అంతర్జాతీయ బృందం 3,006 జన్యువులను ఒక్కొక్కటిగా తొలగించిన చుంచెలుకల వినికిడిని పరీక్షించి 67 జన్యువులను పట్టుకుంది. వాటిలో 52 అప్పటిదాకా చెవుడుతో ముడిపడనివి. ఇలాంటి పని చేసేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే సీ57బ్లాక్6 రకానికి క్యాడ్‌హెరిన్23లో పుట్టుకతోనే ఒక లోపం ఉంది. నెలలు గడిచేకొద్దీ దానికి చెవుడు దానంతటదే వస్తుంది. ఆ సంగతి చూసుకోకపోతే అమాయకమైన జన్యువు మీద నేరం పడుతుంది.

చికిత్సలో ఆశ, నిరాశ రెండూ ఉన్నాయి. ఏటీఓహెచ్1ను చెవిలోకి పంపి కొత్త రోమకణాలు పుట్టించే ప్రయోగం 2014లో మనుషుల మీద మొదలైంది కానీ ఆశించిన మెరుగు రాలేదు. రోమకణాన్ని పుట్టించడం వేరు, దాన్ని సరైన వరసలో, సరైన దిశలో, నాడితో కలిపి నిలబెట్టడం వేరు. కట్టడం పూర్తయి ఒక ప్రొటీన్ మాత్రమే కొరవడిన చెవిలో ఫలితం బాగుంది. ఓటోఫెర్లిన్ లోపంతో పుట్టిన పిల్లలకు మంచి జన్యువును చెవిలోకి ఎక్కిస్తే వినగలిగారని చైనా వైద్యులు 2024లో ప్రకటించారు.

ఈవైఏ1 దగ్గరికి వస్తే, చుంచెలుకలో రెండు ప్రతులూ పోతే చెవులు, మూత్రపిండాలు రెండూ రావు. మనిషిలో ఒక ప్రతి పోయినా బ్రాంకియో-ఓటో-రీనల్ అనే వ్యాధి రావచ్చు. దాని లక్షణాలు వినికిడి లోపం, చెవి ముందు సూదిమొనంత రంధ్రం, మెడ పక్కన గడ్డ లేదా రంధ్రం, మూత్రపిండాల లోపం. చెవి ముందు రంధ్రం ఒక్కటే ఉంటే కంగారు పడనక్కరలేదు, అది చాలామందికి ఉంటుంది, హాని చేయదు. దానికి తోడు బిడ్డకు వినికిడి తగ్గినా, మెడ మీద రంధ్రం ఉన్నా, ఇంట్లో మరొకరికి ఇలాగే ఉన్నా, చెవి డాక్టరును కలిసిన రోజే కడుపు అల్ట్రాసౌండ్ కూడా రాయించుకోండి.